యాంటెనా తిప్పుతున్నదెవరు

తాత పోయినందుకు యగొద ఏడ్చింది. నిజంగానే ఏడ్చింది. కానీ ఆయనతో పాటు ఇంట్లో టీవీ కూడా మూగబోయినందుకు తనకి లోపల్లోపల ఎంత హాయిగా ఉందో మాత్రం ఇంతవరకు ఎవ్వరితోనూ అనలేదు. పైకి అనే మాట కాదది.

మిలున్ తాతకి చెవుడు. ఆయన వార్తలు పెడితే పక్కింటి కోళ్లు కూడా వినాల్సిందే. పైగా ఆ టీవీ ఒక్కపట్టాన వచ్చేది కాదు. ఇల్లు కొండ పక్కన నక్కినట్టు ఉంటుంది. సిగ్నల్ వ్రానాచ శిఖరం మీది టవర్ నుంచి రావాలి. కాస్త గట్టిగా గాలి వీచినా, కొమ్మ విరిగి తగిలినా పైకప్పు మీది యాంటెనా వేలెడు పక్కకి తిరిగేది. ఇక చూడండి. తాత నిచ్చెనేసుకుని పెంకుల మీదికెక్కేవాడు. నానమ్మ విదోసవ టీవీ ముందు కుర్చీలో కూర్చునేది. మధ్యలో కిటికీ దగ్గర యగొద, చిన్నప్పటి నుంచీ అదే ఉద్యోగం.

"ఏమైంది?" అని పైనుంచి కేక.

"ఏమైంది?" అని యగొద లోపలికి.

"రాలేదు!" అని నానమ్మ.

"రాలేదు!" అని యగొద పైకి.

తాత చెవిటితనం వల్ల ప్రతి మాటా రెండుసార్లు. ఆ కేకలు విని ఊళ్లో వాళ్లు, 'ఓహో, మిలున్ ఇంట్లో బొమ్మ పోయింది' అనుకుని నవ్వుకునేవారు. యగొద పెద్దదై, పట్నంలో రొట్టెల దుకాణంలో పనికి కుదిరి, సెలవులకి వచ్చినా ఆ ఉద్యోగం తప్పలేదు.

అక్టోబరులో తాత నిద్రలోనే పోయాడు. శవం లేవకముందే నానమ్మ అద్దం మీదా, టీవీ మీదా దుప్పట్లు కప్పేసింది. టీవీ ప్లగ్గు పీకి తీగని చుట్టలా చుట్టి పైన పెట్టింది. నలభై రోజులు నిండేదాకా ఆ ఇంట్లో పాట వినపడకూడదు, బొమ్మ కనపడకూడదు. ఆ నలభై రోజులూ పోయినవాడు ఎక్కడికీ పోడు, తను తిరిగిన చోట్లే తిరుగుతుంటాడని అక్కడి వాళ్లందరికీ తెలుసు. అతన్ని పిలవకూడదు, ఆపకూడదు. అలా చేస్తే దారి మరిచిపోతాడు.

యగొద దుకాణానికి సెలవు పెట్టి నానమ్మ దగ్గరే ఉండిపోయింది. ఉండక తప్పలేదు. నానమ్మ తినడం మానేసింది. మొదట్లో రొట్టె ముక్క పాలలో ముంచుకుని తినేది. తర్వాత పాలు మాత్రమే. ఈ వారం అవీ సగం గ్లాసే. మొన్న చూడ్డానికొచ్చిన డాక్టరమ్మ యగొదని వరండాలోకి పిలిచి, "ఒంట్లో జబ్బేం లేదమ్మా. ఆవిడకి ఉండాలని లేదు. ఏదో ఒకటి చెప్పి తినిపించండి, లేకపోతే శీతాకాలం దాటదు" అంది.

రేపు నలభయ్యో రోజు.

సాయంత్రం నాలుగింటికే పొగమంచు దిగి పెరడుని మింగేసింది. టీవీ గదిలోనే ఉన్న పొయ్యి మీద, రేపు నలభయ్యో రోజుకి పంచే ప్రసాదానికి గోధుమలు ఉడుకుతున్నాయి. అక్రోటు పొడి, చక్కెర వాసన ఇల్లంతా కమ్ముకుంది. మామూలు రోజైతే ఆ వాసనకి నోరూరేది.

యగొద అన్న గోయ్కో తలుపు తోసుకుని వచ్చాడు. కింది ఊళ్లో చెక్కమిల్లులో పనిచేస్తాడు. జుట్టునిండా రంపపు పొట్టే.

"నానమ్మా, పని అయిపోయింది. ఇవ్వాళ రాత్రి వార్తలైపోగానే తాతని చూపిస్తారు. ఫోన్ చేసి మరీ అడిగా."

ఆ లోయ మొత్తానికి ఉన్నది ఒకటే చిన్న చానల్. రాత్రి వార్తలయ్యాక అందులో చావు కబుర్లు చదువుతారు. ఫలానావారు పోయారు, ఫలానావారి నలభయ్యో రోజు, ఫలానా చర్చిలో, అని ఫొటో వేసి ఒక అమ్మాయి గొంతు చదువుతుంది. లోయలో పెళ్లివార్త తప్పినా తప్పుతుంది గానీ, ఆ కబుర్లు మాత్రం ఎవరూ తప్పించుకోరు. తాత కూడా రోజూ చూసేవాడు. తెలిసినవాడు కనిపిస్తే "చూశావా, వీడు నాకంటే చిన్నవాడు" అని గెలిచినట్టు నవ్వేవాడు.

"ఏ ఫొటో ఇచ్చావురా?" అంది నానమ్మ.

గోయ్కో తల గోక్కున్నాడు. "రాయి మీదున్నదే. సెల్లుతో తీసి పంపా. ఇంట్లో ఉన్నవన్నీ తాత కళ్లు మూసుకున్నవేగా."

రాయి అంటే సమాధిరాయి. తాతా నానమ్మా పదేళ్ల కిందటే కలిసి చెక్కించుకున్నారు. ఆ కొండల్లో అది మామూలే. ఒకే నల్లరాయి మీద ఇద్దరి ముఖాలూ, ఇద్దరి పేర్లూ, పుట్టిన ఏళ్లూ ఉంటాయి. పుట్టిన ఏడాది పక్కన చిన్న గీత. గీత తర్వాత ఖాళీ. తాత ఖాళీ నిండింది. నానమ్మది అలాగే ఉంది.

"ఒరేయ్, అందులో నేను కూడా ఉన్నాను కదరా!" నానమ్మ నలభై రోజుల్లో మొదటిసారి నవ్వింది. "పోనీలే, ఆ ఫొటోలో నేను పెళ్లికి పోతున్నట్టుంటాను. మీ తాతే, పన్ను కట్టడానికి పోతున్నట్టుంటాడు."

"నిన్ను కత్తిరించెయ్యమని చెప్పాన్లే నానమ్మా. వాళ్లకి అలవాటే."

 నానమ్మ టీవీ మీది దుప్పటి వైపు చూసింది.

"తియ్యవే యగొదా."

"రేపటిదాకా పెట్టకూడదు కదా?"

"నాకు చెప్తున్నావా? నేను నేర్పిన ముక్క నాకే చెప్తున్నావా? ఆయన్ని చూడ్డానికి ఆయనే అడ్డమంటే ఎలాగే?"

"నానమ్మా..."

"చూస్తే సూపు తాగుతా. గిన్నె నిండా. ఒట్టు."

యగొద గోయ్కో వైపు చూసింది. గోయ్కో భుజాలెగరేశాడు. డాక్టరమ్మ మాట అతనికీ తెలుసు. ఒక్క పూట ముందు. అంతేగా... యగొద దుప్పటి లాగేసి, ప్లగ్గు గోడలోకి గుచ్చింది.

టీవీ వెలిగింది. నీలం తెర. మధ్యలో రెండే మాటలు: సిగ్నల్ లేదు.

"అనుకున్నా" అన్నాడు గోయ్కో. "పోయిన నెల టవర్ దగ్గర ఏవో మార్చారు. చానళ్లన్నీ మళ్లీ వెతికించాలట. మిల్లులో అందరూ అదే గోల." టీవీకి తగిలించిన డిజిటల్ పెట్టె రిమోటు తీసుకుని వెతికించాడు. తెరమీద గీత సున్నా నుంచి చివరిదాకా నత్తలా పాకింది. దొరికిన చానళ్లు: ఏవీ లేవు. "యాంటెనా కూడా తిరిగినట్టుంది. మొన్నటి గాలికి. ఎక్కుతా. రాణీగారూ, కిటికీ దగ్గరికి దయచేస్తారా?"

"పడితే నేను పట్టుకోను" అంది యగొద.

నిచ్చెన గోడకి ఆనింది. పెంకులు కిర్రుమన్నాయి. యగొద కిటికీ రెక్క తీసింది. పొగమంచు లోపలికి వచ్చి ముఖానికి తడిగుడ్డలా తగిలింది. మామూలుగా అక్కడి నుంచి వ్రానాచ టవర్ మీది ఎర్రదీపం కనిపిస్తుంది. ఇవ్వాళ కొండే లేదు.

"ఏమైంది?" అన్నాడు గోయ్కో పైనుంచి.

తెరమీద రెండు పట్టీలున్నాయి, ఒకటి సిగ్నల్ బలం, ఒకటి నాణ్యత. మొదటిది కాస్త కదిలింది. రెండోది చచ్చినట్టు పడుంది.

"రాలేదు!"

"ఇప్పుడు?"

"రాలేదు!"

"మీ తాత గొర్రె చెవి పట్టుకు తిప్పినట్టు తిప్పేవాడు" అంది నానమ్మ కుర్చీలోంచి. "వీడు పెళ్లికూతురి చెయ్యి పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. గట్టిగా తిప్పరా!"

గట్టిగానే తిప్పాడు. టక్కుమని ఏదో విరిగింది. ఆ తర్వాత ఒక తిట్టు వినపడింది, చావు ఇంట్లో తిట్టకూడనిది.

గోయ్కో దిగి వచ్చాడు. చేతిలో తుప్పుపట్టిన ఇనప పట్టీ, రెండు ముక్కలుగా. "కడ్డీకి బిగించే పట్టీ విరిగింది. ఇప్పుడు దాన్నెవరు తిప్పినా నిలబడదు. కిందికి వెళ్లి మిల్లులోంచి ఒకటి పట్టుకొస్తా. వార్తలు మొదలయ్యేలోపు వచ్చేస్తా." నిచ్చెన తీసి గోడవారగా నేలమీద పడుకోబెట్టాడు. కారు ఎక్కాడు. దీపాలు రెండు గజాలు పోయి మంచులో కరిగిపోయాయి. చప్పుడు కాసేపు వినపడింది. తర్వాత అదీ లేదు.

యగొద పొయ్యి మీద సూపు వేడి చేసింది. గోధుమలు కలియబెట్టింది. నానమ్మ నీలం తెరనే చూస్తూ కూర్చుంది, కొడుకు పెళ్లికి వచ్చే బస్సు కోసం చూస్తున్నట్టు.

బయట చీకటి పడిపోయింది. మంచు వల్ల అది నల్లగా కూడా లేదు. మురికి నీళ్ల రంగులో ఉంది.

పైన పెంకు కిర్రుమంది.

'వచ్చేశాడా?' అనుకుంది యగొద. కారు చప్పుడు వినపడలేదు. గోధుమలు కుతకుతమంటున్నాయి, వినపడి ఉండదు. ఇంకో పెంకు. ఇంకోటి. అడుగులు నెమ్మదిగా, తడబడకుండా, ఏ పెంకు వదులుగా ఉందో తెలిసినట్టుగా దూలం మీదుగా యాంటెనా దాకా నడిచాయి.

"ఏమైంది?"

గొంతు మంచులో మెత్తబడి వచ్చింది. యగొద గరిటె పక్కన పెట్టి కిటికీ దగ్గరికి నడిచింది.

"రాలేదు!"

ఇనుము ఇనుముకి రాసుకున్న చప్పుడు.

"ఏమైంది?"

"కదులుతోంది!" నిజంగానే రెండో పట్టీ లేచింది. పసుపు. ఇంకొంచెం. ఆకుపచ్చ. "ఆగు, ఆగు! అక్కడే ఉంచు!"

నీలం తెర పోయింది. చానల్ తనంతట తనే వచ్చింది. ఎవరూ వెతికించలేదు. బొమ్మ అద్దంలా ఉంది. వార్తలమ్మాయి చెవి దుద్దులు కూడా కనిపిస్తున్నాయి.

"వచ్చింది!" అని చప్పట్లు కొట్టింది నానమ్మ.

"వచ్చింది, దిగు!" అంది యగొద పైకి. "సూపు పెడతా, నువ్వూ తాగుదువు గాని!"

యగొద కిటికీలోంచి తల బయటికి పెట్టింది.

"అన్నయ్యా?"

పైన అడుగుల చప్పుడు లేదు. దిగిన చప్పుడూ లేదు. యగొద టార్చి పట్టుకుని తలుపు తీసి వరండా అంచుదాకా వెళ్లింది. వెలుగు మంచుకి తగిలి తిరిగొచ్చింది. దాన్ని కిందికి తిప్పింది.

నిచ్చెన గోడవారగా నేలమీద పడుకునే ఉంది.

పెరట్లో కారు లేదు.

టార్చి పైకెత్తింది. కప్పు మీద మనిషి లేడు. కడ్డీ చివర యాంటెనా మాత్రం నిలబడి ఉంది. పట్టీ లేదు. ఏ ఆధారమూ లేదు. ఎవరో చేత్తో పట్టుకున్నట్టు బిగుసుకుని ఉంది. దాని మొన వ్రానాచ వైపు లేదు. టవర్‌కి వీపు పెట్టి, ఇంటి వెనక వాలు వైపు, సమాధులున్న వైపు తిరిగి ఉంది.

యగొద లోపలికొచ్చి గడియ వేసింది.  బల్ల మీద ఫోన్ బుర్రుమంది. గోయ్కో పంపిన మెసేజి.

'పట్టీ దొరికింది. ఇప్పుడే మిల్లులోంచి బయల్దేరుతున్నా. దారి కనపడట్లేదు, మెల్లగా వస్తా.'

ఆ ఊళ్లో సిగ్నల్ సంగతి తెలిసిందే, ఒక్కోసారి గంట కిందటి మెసేజి ఇప్పుడొస్తుంది. ఇది కూడా అలాంటిదే అయ్యుంటుంది. అన్నయ్య వచ్చి... నిచ్చెన లేకుండా ఎక్కి... కారు లేకుండా... యగొద వేలు అతని పేరు మీదికి వెళ్లి ఆగింది. ఫోన్ చేస్తే అతను ఎత్తుతాడు. ఎక్కడున్నావంటే చెప్తాడు. చెప్పేస్తే ఇక తేలిపోతుంది. తేలకపోతేనే కాస్త నయం.

ఫోన్ బోర్లా పెట్టేసింది.

వెనక్కి తిరిగితే, నానమ్మ సూపు తాగుతోంది. గిన్నె ఒళ్లో పెట్టుకుని, చెంచా తర్వాత చెంచా, చప్పుడు చేస్తూ. ఎన్నాళ్లకి! ఆ చప్పుడు కోసం యగొద ఎన్ని దేవుళ్లకి దణ్ణం పెట్టుకుందో. ఇప్పుడు టీవీ ఎలా ఆపడం?

ఆపలేదు. టీవీ వెలుగు తప్ప వేరే దీపం లేని ఆ గదిలో, నానమ్మ పక్కనే ముక్కాలి పీట మీద కూర్చుంది.

అప్పుడు చూసింది.

వార్తలమ్మాయి పక్కన, కుడివైపు కొద్దిగా వెనగ్గా, ఒక నీడ ఉంది. పాత రోజుల్లో పెద్ద డబ్బా టీవీల్లో అలా వచ్చేది. సిగ్నల్ కొండకి తగిలి తిరిగొచ్చి ప్రతి మనిషికీ పక్కన ఒక చెదిరిన బొమ్మ వేసేది. కానీ ఈ కొత్త పెట్టెల్లో అది రాదు. వస్తే బొమ్మ పూర్తిగా వస్తుంది, లేకపోతే ముక్కలు ముక్కలై ఆగిపోతుంది. నీడ అనేది లేదు.

"నానమ్మా, అది చూశావా?"

"ఏది?"

"ఆ పిల్ల పక్కన."

"ఓ అదా. ఎప్పుడూ ఉండేదేగా."

వార్తలమ్మాయి తల పక్కకి తిప్పింది. నీడ తిప్పలేదు. ఆమె కాగితం మార్చింది. నీడ చేతులు కదల్లేదు. వాతావరణం చెప్పే అబ్బాయి వచ్చాడు, సన్నగా, పొడుగ్గా. నీడ మాత్రం పొట్టిగానే ఉంది. భుజాలు వంగి, తలమీద ఏదో ఉన్నిటోపీ లాంటిది. ఎవరు వచ్చినా వాళ్ల పక్కన అదే. చూస్తూ ఉంది. వాళ్లని కాదు. ఇటు.

యగొద రిమోటు కోసం చెయ్యి చాపింది.

"ముట్టుకోకు" అంది నానమ్మ. ఆ గొంతులో బతిమాలడం లేదు. "ఇప్పుడొస్తాడు."

మెల్లగా పిల్లనగ్రోవి మొదలైంది. చావు కబుర్లకి ముందు వేసే పాట అది. నల్ల అంచు ఫొటోలు ఒక్కొక్కటిగా వచ్చాయి. పై ఊరి బడి పంతులమ్మ. వంతెన దగ్గరి తేనెటీగలాయన. అమ్మాయి గొంతు తడి లేకుండా చదువుకుంటూ పోతోంది. ఒక్కో ఫొటో మారినప్పుడల్లా ఆ నీడ కాస్త దగ్గరికి వచ్చినట్టుంది... కాదు, వచ్చింది. ఇప్పుడు తెర మూలలో సగం అదే.

తర్వాత నల్లరాయి.

కత్తిరించలేదు. రాయి మొత్తం వేశారు. ఎడమవైపు తాత, పన్ను కట్టడానికి పోతున్న ముఖంతో. కుడివైపు నానమ్మ.

"రేపు నలభయ్యో రోజు" అంది టీవీలో గొంతు, "మా ప్రియమైన మిలున్..." అక్కడ మాట తెగింది. డిజిటల్ టీవీ గొంతు తెగితే ఎలా ఉంటుందో తెలుసుగా, కత్తితో కోసినట్టు. "...మరియు మా ప్రియమైన వి..." మళ్లీ తెగింది.

మరియు?

బొమ్మ చదరాలు చదరాలుగా విరిగింది. మొత్తం కాదు. ఒక్కచోటే. నానమ్మ పేరు కింద, పుట్టిన ఏడు పక్కన, గీత తర్వాత, ఖాళీ ఉండాల్సిన చోట. ఆ చదరాలు కదులుతున్నాయి. ఒకదాని మీద ఒకటి సర్దుకుంటున్నాయి. అంకెలుగా.

"కత్తిరించలేదు వెధవలు" అంది నానమ్మ, కళ్లు తుడుచుకుంటూ, నవ్వుతూ. "చూడవే, ఎంత బాగున్నానో."

పైన పెంకు కిర్రుమంది.

"విదా."

 గోయ్కో నానమ్మని విదా అనడు. ఊళ్లో ఎవరూ అనరు. ఆమెని అలా పిలిచిన మనిషి ప్రపంచంలో ఒక్కడే.

"విదా... ఇప్పుడు కనిపిస్తున్నానా?"

చీకట్లో బయటినుంచి ఎవరు పేరు పెట్టి పిలిచినా ముఖం చూడకుండా పలకకూడదు. నోట్లో మాట రానప్పుడే ఆ కొండ పిల్లలకి నేర్పేది అది. యగొద ఒకసారి పలికినందుకు చెంపమీద వాత తేలేలా కొట్టిందీ ఇదే నానమ్మ. ఇప్పుడు ఆమె ముఖం కప్పు వైపు లేచింది. పెదాలు విడిపోయాయి. కళ్లలో పెళ్లికూతురి మెరుపు.

"వద్దు నానమ్మా!" యగొద దూకి అరచేత్తో ఆమె నోరు మూసింది. గిన్నె దొర్లి సూపు చాపమీద పారింది. నానమ్మ తల విదిలించింది. ఎముకల గూడులా ఉన్న మనిషికి అంత బలం ఎక్కడిది... పెదాలు అరచేతి కింద తడితడిగా కదిలాయి.

"పలకొద్దు. నీకు దణ్ణం పెడతా, పలకొద్దు."

"విదా!" కాస్త విసుగు. యాంటెనా కుదరనప్పుడు తాతకి వచ్చే విసుగు. "వినపడటం లేదా? కనిపిస్తున్నానా?"

యగొద ఒక చేత్తో నోరు మూసి పట్టుకుని, కాలు చాచి, తీగకి పాదం మెలిపెట్టి లాగింది. ప్లగ్గు ఊడి నేల మీద పడింది. తెర ఆరిపోయింది. గది మొత్తం ఒక్కసారిగా చీకటి, పొయ్యిలోని ఎర్రటి నిప్పు తప్ప.



నానమ్మ పెదాలు కదలడం ఆగాయి. అరచేతికి ఊపిరి తగులుతోంది, వెచ్చగా, చిన్నగా. అమ్మయ్య...

అప్పుడు వినపడింది.

"కనిపిస్తున్నావు మిలునూ. దిగు."

నానమ్మ గొంతే. ఆ గరగర, ఆ మురిపెం. అది అరచేతి కిందినుంచి రాలేదు. ఆరిపోయిన టీవీలోంచి వచ్చింది.

పైన అడుగులు. దూలం మీదుగా కప్పు అంచుదాకా. అక్కడ ఆగాయి. దిగిన చప్పుడు లేదు. దూకిన చప్పుడు లేదు. ఆ వెంటనే గుమ్మం ముందు రాతి పలక మీద ఎవరో బూట్ల మట్టి దులుపుకున్నారు. టప్. టప్.

ఆ తర్వాత ఇంకొకరు. తేలిగ్గా, ఈడుస్తూ. ఉన్ని చెప్పులు.

యగొద మెల్లగా చెయ్యి తీసింది. చీకట్లో నానమ్మ ముఖం తెల్లగా, కదలకుండా ఉంది.

"నేనేం అనలేదమ్మా" అంది గుసగుసగా. "నేను పలకలేదు."

తలుపు మీద వేళ్లతో తట్టిన చప్పుడు. గట్టిగా కాదు. పొరుగింటికి ఉప్పు కోసం వెళ్లినప్పుడు తట్టినట్టు.

"యగొదా," అని బయటినుంచి నానమ్మ గొంతు, "తలుపు తియ్యవే తల్లీ. చలేస్తోంది. నన్ను బయట పెట్టి గడియేసుకున్నావేంటే?"

ఒక దగ్గు. ఈ నెలంతా రాత్రిళ్లు పక్క గదిలోంచి విన్న దగ్గు.

లోపల కుర్చీలోంచి ఒక చెయ్యి యగొద మణికట్టు పట్టుకుంది. "తియ్యకు."

 బయట ఉన్నది నానమ్మ అయితే, తలుపు తియ్యకపోతే చలికి చస్తుంది. లోపల ఉన్నది నానమ్మ అయితే, తలుపు తీస్తే పోతుంది. మణికట్టు మీది వేళ్లు చల్లగా ఉన్నాయి. ముసలివాళ్ల వేళ్లు ఎప్పుడూ చల్లగానే ఉంటాయి. ఇందాక అరచేతికి తగిలిన ఊపిరి మాత్రం వెచ్చగా ఉంది. ఆ ఊపిరి ఇప్పుడు... చెవి పెట్టి విన్నా వినపడటం లేదు. గుండె చప్పుడే చెవుల నిండా.

"నానమ్మా," అంది లోపలికి, పెదాలతోనే. "నా చిన్నప్పుడు..." ఏదో అడగాలనుకుంది, నానమ్మకి మాత్రమే తెలిసింది. ఒక్కటీ గుర్తుకు రాలేదు.

"తియ్యకు," అంది కుర్చీలోంచి అదే మాట, అదే తీరున.

"తియ్యవే," అంది బయట.

కిటికీ అవతల, మలుపు దగ్గర, మంచులో రెండు పసుపు మచ్చలు లేచాయి. కారు దీపాలు. మెల్లగా ఎక్కి వస్తున్నాయి.

గోయ్కో.

ఇంకాసేపట్లో పెరట్లో దిగుతాడు. చేతిలో పట్టీ, నోట్లో ఏదో వేళాకోళం. గుమ్మం ముందు నానమ్మ వణుకుతూ నిలబడి ఉంటుంది. ఆవిడ పక్కన కాస్త వెనగ్గా, కుడివైపు, ఎవరో ఉంటారు. నానమ్మ "గోయ్కో" అని పిలుస్తుంది. వాడు పలుకుతాడు. ఆలోచించను కూడా ఆలోచించడు, ఒక్క ఉదుటున "ఏంటి నానమ్మా" అని పలుకుతాడు.

బయట తట్టడం ఆగింది. గుమ్మం ముందు ఉన్నవాళ్లు కూడా కారు చప్పుడు విన్నట్టున్నారు. ఉన్ని చెప్పులు మెట్లు దిగుతున్నాయి. ఒక్కో మెట్టూ... దీపాల వైపు.

యగొద తన మణికట్టు పట్టుకున్న చేతిని వదిలించుకోలేదు. ఇంకో చెయ్యి చాపి బల్ల మీద తడిమింది. గోధుమల గిన్నె మూత. చెంచా. బోర్లా పెట్టిన ఫోన్. ఇంతసేపూ దాన్ని ముట్టుకోవాలంటే భయం వేసింది. చేస్తే ఎవరు ఎత్తుతారో, ఎక్కడినుంచి మాట్లాడతారో అని. ఇప్పుడా భయానికి టైం లేదు. ఎవరు ఎత్తినా సరే, చెప్పాల్సింది ఒక్కటే మాట: పలకొద్దు.

మణికట్టు మీది వేళ్లు ఇంకాస్త బిగిశాయి.

యగొద ఫోన్ తిప్పి, గోయ్కో పేరు మీద వేలు నొక్కింది.